తడిక అవతలి ఆట

చిక్కబళ్ళాపురం,
15 ఫిబ్రవరి 1960, సోమవారం

బావకు ముద్దుకృష్ణ నమస్కారం. అక్కకు కూడా. ఇది చదివి వినిపించేది అక్కే కాబట్టి ముందే ఒక మనవి: అక్కా, మధ్యలో ఆపి నీ అభిప్రాయాలు చెప్పొద్దు. ఆట ఆగిపోతుంది.

నిన్నటితో ఈ ఏటి ఫుట్‌బాల్ టోర్నమెంటు మొదలైంది. మన ఊరి జట్టుకూ కోలారు గనుల జట్టుకూ ఆట. మూడు గంటలకే మైదానం నిండిపోయింది. గోలు వెనక మనం నిలబడే చోట కాలు పెట్టడానికి సందు లేదు. పిళ్ళప్ప పలక డప్పు బాగా కాచుకుని వచ్చాడు, దాని మోత నంది కొండ దాకా వినిపించి ఉంటుంది. కొండప్ప వేయించిన శనక్కాయల గంప తలమీద పెట్టుకుని ఆట సగంలో మనకు అడ్డం వచ్చాడు, ఎప్పటి మాదిరే తిట్లు తిన్నాడు.

గనుల జట్టులో ఒకడు ఉన్నాడు బావా, తాటిచెట్టంత మనిషి. మనవాళ్ళు ఎటు పోయినా వాడి కాలే ఎదురొచ్చేది. మొదటి సగంలో వాళ్ళు ఒక గోలు వేసేశారు. జనం చప్పబడిపోయారు. అప్పుడు వెనక నుంచి ఎవరో నీ కేక అందుకున్నారు. "బంతి ఎవురిదప్పా?" అన్నారు. మైదానమంతా ఒక్కసారి "మనదే!" అనింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ "మనదే!" అంతే, మన మునిశామప్పకు పూనకం వచ్చింది. రెండు గోలులు. రెండు ఒకటితో గెలిచాము.

నువ్వు లేవని ఆ కేక ఆగిపోలేదు. "కోదండరామప్ప కేక వేయండ్రప్పా" అని నీ పేరు చెప్పి మరీ వేశారు. ఐదువేల మంది ఉంటారు. టికెట్టు నాలుగణాల నుంచి ఎనిమిదణాలు చేశారు, అయినా ఎవరికి పట్టింది?

ఉర్లగడ్డల మండీలో బళ్ళు దిగుతున్నాయి. గుమాస్తాను నేను లేకపోతే తూకం మొదలు కాదు. ఇక ఆపుతాను.

నీ బావమరిది,
ముద్దుకృష్ణ

*

చింతామణి,
22 ఫిబ్రవరి 1960

చిరంజీవి ముద్దుకృష్ణకు బావ కోదండరామ ఆశీర్వదించి రాయించేది. రాస్తున్నది మీ అక్క సులోచనమ్మ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. (రాస్తాండాను. ఈయన చెప్పేదంతా రాస్తే పోస్టాఫీసు కాగితాలు చాలవు. – అక్క)

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివించుకున్నాను. గనుల జట్టు మొదటి గోలు ఎట్లా వేసిందో నువ్వు సరిగా రాయలేదు. తలతోనా, కాలితోనా? ఎడమ పక్క నుంచా? అది తెలియక నాకు రెండు రోజులు సరిగా నిద్ర లేదు.

నా చూపు పోయి, చిక్కబళ్ళాపురంలో ఇల్లు ఎత్తేసి, ఇక్కడ కొడుకుల దగ్గరికి వచ్చి నాలుగేళ్ళు నిండుతున్నాయి. బట్టల కొట్టు వాళ్ళు చూసుకుంటారు. నన్ను గల్లా పక్కన బల్లమీద కూర్చోబెడతారు. వచ్చినవాళ్ళు "బాగుండావా అప్పా?" అంటారు. "బాగుండాను" అంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా మాటలు అవే. ఈ ఊళ్ళో నేను శెట్టి కొట్టులోని కళ్ళు లేని పెద్దాయన్ని. ఇంకో ఊళ్ళో ఐదువేల మంది నా పేరు చెప్పి కేక వేస్తున్నారంటే ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. (మూడు. – అక్క)

పిళ్ళప్పను అడిగానని చెప్పు. వాడి దగ్గు తగ్గిందా? నా చోట ఇప్పుడు ఎవరు నిలబడుతున్నారు? ఎవరైనా సరే, పొడుగువాణ్ణి నిలబడనీయొద్దు, వెనకాల వాళ్ళకు కనబడదు.

నువ్వు ఒకసారి రావచ్చు కదా. బస్సెక్కితే పూట ప్రయాణం. మేము ఈ ఊరికి వచ్చిన నాలుగేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. మండీ పని తీరదని నువ్వు రాస్తావు, నాకు తెలుసు. పోనీ, ఉత్తరాలైనా ఆపొద్దు.

కోదండరామ

*

(రాసి, పోస్టులో వేయనిది)

చిక్కబళ్ళాపురం,
26 ఫిబ్రవరి 1960

బావా,

అక్క ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తుందని తలుచుకుంటేనే చెయ్యి ఆడడం లేదు. అయినా రాస్తాను.

పిళ్ళప్పకు దగ్గు లేదు. పిళ్ళప్పే లేడు. పోయి ఏడాదిన్నర అయింది. కొండప్ప మైదానానికి రావడం మానేసి డేరా సినిమా దగ్గర శనక్కాయలు అమ్ముకుంటున్నాడు. జనం అక్కడే ఉన్నారు కాబట్టి అక్కడే అమ్ముతాడు, తప్పేముంది?

మొదటి గోలు తలతో వేశారో కాలితో వేశారో నాకు తెలియదు బావా. నేను లోపల లేను. ఎనిమిదణాలు పెట్టి లోపలికి పోలేక, తూర్పు వైపు తడిక బయట నిలబడి విన్నాను. మన జట్టు గోలు వేస్తే కేక పెద్దగా వస్తుంది. వాళ్ళు వేస్తే గొణుగుడు వస్తుంది. తప్పిపోతే "అయ్యో" అంటారు. దాన్ని బట్టి ఆట కట్టుకుంటాను. ఆట అయ్యేలోపే వచ్చేస్తాను, బయటికి వచ్చేవాళ్ళలో తెలిసినవాళ్ళు ఎవరైనా చూసి "ఏమప్పా, బయట నిలబడినావు?" అంటారని.

ఐదువేల మంది లేరు. మూడు నాలుగు వందలు ఉంటారేమో. నీ కేక ఎవరూ వేయలేదు. నువ్వు పోయిన మొదటి ఏడే వేయలేదు. ఆ ఏడు ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి, చించేసి, వేశారని రాశాను. అప్పటి నుంచి ఏటా రాస్తున్నాను. నీ దగ్గరికి రానిది మండీ పని వల్ల కాదు. వస్తే నీ ఎదురుగా కూర్చుని ఇదంతా నోటితో చెప్పాలి. రాయడం చేతనైంది, ఎదురుగా కూర్చుని చెప్పడం చేతకాదు.

మూడు ముద్దలు ఎక్కువ తిన్నావని అక్క రాసింది. ఇక ఇది ఎట్లా పంపేది?

*

చిక్కబళ్ళాపురం,
13 ఫిబ్రవరి 1961, సోమవారం

బావా, నమస్కారం. ఈసారి ఆలస్యం లేకుండా ఆట అయిన మరునాడే రాస్తున్నాను.

ముందు ధరలు చెప్పి ఏడుస్తాను. నిలబడితే రూపాయి, కుర్చీకి రెండు రూపాయలు. కమిటీవాళ్ళను అడిగితే బయటి జట్లకు బస్సు ఛార్జీ, భోజనం, బస అంటారు. వినోదపు పన్ను అంటారు. కుర్చీల బాడుగ అంటారు. కుర్చీలు ఎవరు అడిగారట? గోలు వెనక ఇసుకలో గొంతుక్కూర్చున్నప్పుడు మనకు బాడుగ ఎవరైనా వేశారా?

అయినా జనం తగ్గలేదు. నిన్న బెంగుళూరు మిల్లు జట్టుతో ఆట. బూట్లు, మేజోళ్ళు, తెల్ల నిక్కర్లు, పెళ్ళివారి మాదిరి వచ్చారు. ఆట చివరి దాకా గోలు లేదు. ఇక ఐదు నిమిషాలుందనగా ఒకటి పడింది. మనదే! జనం లేచిన చప్పుడుకు తడికలు ఊగాయి. నీ కేక ఈసారి పిళ్ళప్ప ఎత్తుకున్నాడు. దగ్గు తగ్గినట్టే ఉంది. నీ చోట ఒక పొట్టివాడు నిలబడుతున్నాడు, చింత లేదు.

అక్క మోకాలి నొప్పికి నల్లేరు కాచి కట్టమని చెప్పు. నువ్వు చెబితే వినదు, నేను రాశానని చెప్పు.

ముద్దుకృష్ణ

*

చింతామణి,
20 ఫిబ్రవరి 1961

ముద్దుకృష్ణకు,

మీ అక్క నల్లేరు కట్టింది. నీ మాట వింటుంది, నా మాట వినదు. (ఈయన "కట్టు" అని చెప్తాడు. నువ్వు ఎట్లా కట్టేదో రాసినావు. – అక్క) అది అట్లా ఉండనీ.

నిన్న బాగేపల్లి బస్సు కండక్టరు ఆంజనప్ప కూతురి పెళ్ళి బట్టలకు కొట్టుకు వచ్చాడు. పోయిన ఆదివారం చిక్కబళ్ళాపురంలో ఆగి ఆట చూశాడట. నేను గొప్పగా "మనోళ్ళు గెలిచినారంట కదప్పా" అన్నాను. ఆయన నవ్వి "యాడ గెలిచినారప్పా? ఆ గోలు వేసింది బెంగుళూరోళ్ళు. వాళ్ళతో బస్సులో వచ్చినోళ్ళే ఎగిరినారు" అన్నాడు. కొట్టులో అందరూ విన్నారు.

ఎందుకురా ఇట్లా చేశావు? ఓడిపోతే ఓడిపోయారని రాయకూడదా? గుడ్డివాడికి ఓటమి చెబితే గుండె ఆగిపోతుందనుకున్నావా? చూపు పోయింది కానీ, నాకు మెతుకులు కలిపి నోట్లో పెట్టేంత పసితనం రాలేదు. ముప్పై ఏళ్ళలో మన జట్టు ఎన్నిసార్లు ఓడిపోలేదు? ఓడిన రోజు మనిద్దరం ఒక్క మాట లేకుండా నడిచి వచ్చేవాళ్ళం కదా.

ఆంజనప్ప ఇంకో మాట అన్నాడు. "రూపాయి పెట్టి ఎవురు పోతాండారప్పా ఇప్పుడు? ఖాళీగా ఉండాది" అన్నాడు. నీకు గోలు వెనక చోటు తెలియదులే అని ఆయన నోరు మూయించాను. దానికి మాత్రం నీ ఉత్తరమే నాకు సాక్షి.

మార్చి పన్నెండున మన జట్టు ఆఖరి ఆట అని పేపర్లో ఉందట. నేను వస్తున్నాను. గెలిచారో ఓడారో నా చెవులతో వింటాను. కేక నేనే వేస్తాను. నా పేరు చెప్పి వేరేవాళ్ళు ఎన్నాళ్ళు వేస్తారు? నువ్వు బస్సు దగ్గరికి రా.

కోదండరామ

*

చిక్కబళ్ళాపురం,
24 ఫిబ్రవరి 1961

బావా,

తప్పయింది. గోలు ఎవరు వేశారో తికమకపడి రాశాను. క్షమించు.

కానీ రావద్దు. ఆఖరి ఆటకు తొక్కిసలాట ఎక్కువ. పోయిన ఏడు ఒక పెద్దమనిషి కింద పడి చెయ్యి విరిగింది. శిడ్లఘట్ట దారంతా గుంతలు, బస్సులో నీ నడుము పట్టేస్తుంది. ఆ వారం మండీలో లెక్కల తనిఖీ కూడా ఉంది, నిన్ను చూసుకోవడానికి నాకు తీరిక ఉండదేమో. ఎండలు ముదురుతున్నాయి. వచ్చే ఏడు చూద్దాము. ఆట అంతా ఒక్క ముక్క వదలకుండా నేనే రాస్తాను.

ముద్దుకృష్ణ

*

చింతామణి,
1 మార్చి 1961

ముద్దుకృష్ణకు,

అర్థమైంది. కళ్ళు లేనివాణ్ణి చెయ్యి పట్టుకుని ఐదువేల మంది ముందు నడిపించడం నామోషీ. ఐదేళ్ళుగా మా ఇంటికి రానిది కూడా ఇందుకేనని ఇప్పుడు తెలిసింది. ఇంత పెద్ద మైదానంలో నాకు దారి చూపడానికి నీకు చెయ్యి లేకపోయింది. ఇక రాయొద్దు.

కోదండరామ

(ఇది రాయొద్దన్నాను, వినలేదు. ఉత్తరం మడిచేటప్పుడు పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఈయన ఆ ఆటకు వస్తానని అంగీ, పంచె వారం ముందే ఉతికించి పెట్టుకున్నాడురా. నువ్వు అట్లాంటివాడివి కాదని నాకు తెలుసు. ఏమైంది చెప్పు. – అక్క)

*

చిక్కబళ్ళాపురం,
10 మార్చి 1961, శుక్రవారం

బావా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి విను.

పోయిన ఏడు రాసి పంపలేకపోయిన ఉత్తరం ఇందులో పెడుతున్నాను. ముందు అది చదివించుకో. అక్కా, ఆపకుండా చదువు.

విన్నావు కదా. నామోషీ నీ గురించి కాదు, నా గురించి. నిన్ను లోపలికి తీసుకుపోతే నీకు తెలిసిపోతుంది. నేను ఇన్నేళ్ళు కాగితం మీద కూర్చోబెట్టిన జనం ఒక్క నిమిషంలో లేచిపోతారు. తర్వాత నీకు చింతామణిలో బల్ల తప్ప ఏం మిగులుతుందని భయపడ్డాను. ఆ బెంగుళూరు ఆట రోజు లోపల ఒకే ఒక్క కేక వినిపించింది. మనవాళ్ళది అనుకున్నాను. మన ఊళ్ళోనే పై ఊరివాళ్ళ కేక మనవాళ్ళ కేక కంటే పెద్దది అవుతుందని నాకెట్లా తెలుస్తుంది?

ఇంకో నిజం. ఈ ఏడు మన జట్టు మొదటి ఆటకు ఒక ఆదివారం ముందు, వేరే ఊళ్ళ జట్లు ఆడుతుంటే, రూపాయి ఇచ్చి లోపలికి పోయాను. నిలబడే చోట నేనూ, ఒక పోలీసూ ఉన్నాము. గోలు పడింది. పక్కకు తిరిగాను, ఎవరి భుజమైనా పట్టుకుందామని. పోలీసు చుట్ట కాల్చుకుంటున్నాడు. సగంలోనే వచ్చేశాను. లోపల ఒంటరిగా ఉండడం కంటే బయట ఒంటరిగా ఉండడం మేలు అనిపించింది. బయట ఉంటే తడిక అవతల ఎవరో ఉన్నారని అనుకోవచ్చు.

ఎన్ని తిట్లైనా తిట్టు. అక్క చేతితోనే రాయించు.

ముద్దుకృష్ణ

*

చింతామణి,
14 మార్చి 1961, మంగళవారం

ముద్దూ,

నీ ఉత్తరం నిన్న అందింది. మేము వచ్చి పోయిన మరునాడు.

అవును, ఆదివారం వచ్చాము. కోపం వచ్చింది కాబట్టి నీకు చెప్పలేదు. నువ్వు ఎట్లాగూ గోలు వెనక ఉంటావు, నీ పక్కకు వచ్చి నిలబడి కేక వేస్తే నువ్వు అదిరిపడతావు, అప్పుడు నాలుగు మాటలు అడుగుదాము అనుకున్నాను. మీ అక్క నా చెయ్యి పట్టుకుంది. (ముప్పై ఏళ్ళు వీళ్ళు యాడికి పోతాండారో మొదటిసారి చూసినాను. ఒక బంతి, ఇరవై రెండు మంది. దీనికోసమా చద్దన్నం కట్టిచ్చింది అనుకున్నాను. – అక్క)

గేటు దాటాము. ఒక్క భుజం కూడా తగల్లేదు. గోలు వెనక్కి తీసుకుపొమ్మన్నాను. అక్కడ తాడు కట్టేశారు. కమిటీ ఆయన ఎవరో మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఇంకా జనం రాలేదా సులోచనా?" అన్నాను. "వస్తాండారు" అనింది. ఆట మొదలయ్యాక కూడా అడిగాను. "వస్తాండారు" అనే అనింది. (ఏం చెప్పమంటావురా? మూడు వరసల కుర్చీలు. నిండా యాభై మంది లేరు. – అక్క)

తర్వాత నాకు ఒక చప్పుడు వినిపించింది. టప్ మని. ఏమిటది అని అడిగితే బంతిని తన్నే చప్పుడు అనింది. ముప్పై ఏళ్ళు ఆట చూశాను, ఆ చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు ముద్దూ. మన గోలలో అది వినిపించే వీలే ఉండేది కాదు. ఆ టప్ మనే మోతతో నాకు అంతా తెలిసిపోయింది.

అయినా లేచి నిలబడ్డాను. వచ్చినవాణ్ణి వచ్చాను కదా. "బంతి ఎవురిదప్పా?" అని నా ఊపిరంతా పెట్టి అడిగాను. ముందు కుర్చీల్లో ఎవరో నవ్వారు. వెనక నుంచి ఒకాయన "కూర్చోప్పా, కనపడడం లేదు" అన్నాడు. కూర్చోబోయాను. అప్పుడు తడిక బయట నుంచి "మనదే!" అని వినిపించింది. ఒక్క గొంతు. నీది.

మీ అక్క నన్ను బయటికి తీసుకొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. నీ ఇంటికి వచ్చాము. తాళం. గడప మీద గంటసేపు కూర్చున్నాము. పక్కింటి జయలక్ష్మమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆమె చెప్పింది: "పెండ్లాం అంబుజమ్మ పోయినప్పట్నుంచి ఆయప్ప ఎవురితోనూ మాట్లాడడమ్మా. మండీకి పోతాడు, వస్తాడు. ఒక పూట వండుకుంటాడు, రెండు పూటలా అదే తింటాడు. ఆదివారం మాత్రం అంగీ మార్చుకొని తడిక కాడికి పోతాడు." మీ అక్క దారంతా ఏడ్చింది. బస్సులో నేను ఆమెను ఓదార్చానో, ఆమె నన్ను ఓదార్చిందో తెలియదు.

అబద్ధాలు చెప్పినందుకు కోపం ఉంది. ఇప్పట్లో పోదు. పిళ్ళప్ప పోయినందుకు నేను ఏడ్వాల్సిన ఏడుపు కూడా రెండున్నరేళ్ళు దాచిపెట్టావు, దానికి ఇంకా ఎక్కువ కోపం. కానీ విను. ఇంటినిండా మనుషులున్న నాకు ఏటా ఐదువేల మందిని పంపించావు. ఇంట్లో ఎవరూ లేనివాడివి, నీకోసం ఒక్కణ్ణి కూడా మిగుల్చుకోలేదు. నేను ఒంటరివాణ్ణని ఐదేళ్ళు నీకు రాయించాను. నువ్వు ఎట్లా ఉన్నావని ఒక్క ఉత్తరంలో కూడా అడగలేదు. మీ అక్కను పాతవన్నీ తీసి చదవమన్నాను. ఒక్కదాంట్లో కూడా లేదు. గోలు తలతోనా కాలితోనా అని అడిగాను.

ఇప్పుడు అడుగుతున్నాను. ఎట్లా ఉన్నావురా? ఆట వద్దు. అది రాయి.

కోదండరామ

(నేనేమీ కలపను. ఈయన చెప్పిందే. – అక్క)

*

చిక్కబళ్ళాపురం,
20 మార్చి 1961, సోమవారం

బావా, అక్కా,

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపేస్తున్నాను. ఆట అయితే పేజీలు పేజీలు రాయగలను. ఎట్లా ఉన్నానో రాయడం రావడం లేదు.

పొద్దున అన్నం, చింతపండు చారు చేసుకున్నాను. మండీలో ఉర్లగడ్డల ధర పడిపోయింది. మధ్యాహ్నం ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం జయలక్ష్మమ్మ గారి గోడ దగ్గర ఆగి, మజ్జిగ ఇచ్చినందుకు మీ తరఫున నాలుగు మంచి మాటలు చెప్పాను. ఆమె ఎంత ఆశ్చర్యపడిందంటే, చేతిలో చెంబు కింద పెట్టి నిలబడి విన్నది. అంబుజ పోయాక ఆమెతో నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అదే మొదలు.

ఆ రోజు నీ గొంతు విన్నాక రైలు స్టేషనుకు పోయి బెంచీ మీద కూర్చున్నాను. మీ ముందుకు రావడానికి మొహం చెల్లలేదు. మీరు నా గడప మీద గంటసేపు కూర్చున్నారని చదివినప్పటి నుంచి ఆ గడప మీద కాలు పడకుండా దాటుతున్నాను.

ఒకటి చెప్పాలి. నేను "మనదే" అన్నది ఆట కోసం కాదు, అలవాటుగా కూడా కాదు. నువ్వు వచ్చావని తెలిసి కూడా కాదు, గొంతు పోల్చుకునే లోపే నోరు తెరుచుకుంది. ఎవరో గట్టిగా ఒక మాట అడిగారు. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది బావా.

మండీ యజమానికి చెప్పేశాను. శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. చెప్పడానికి నా దగ్గర ఆట ఏదీ లేదు. ఊరికే వస్తున్నాను.

ముద్దుకృష్ణ